రెండో తుమ్ము

1. సోమవారం

సావిడి పుస్తకంలో నాలుగు గళ్ళుంటాయి. వచ్చినవారు, వెళ్ళినవారు, గాలి, ఇతరములు. మొదటి మూడూ యంత్రమే నింపుకుంటుంది. ఇతరములు నేను రాయాలి.

నా పేరు తలుపులమ్మ. ఎర్రమెట్టలో సావిడి చూసుకునే పని నాది. పేరు చూసి ఈ పని ఇచ్చారని కొందరంటారు. నాతోపాటు దరఖాస్తు పెట్టిన సముద్రాలుని నాచు పెంచే నీళ్ళతొట్ల మీద వేశారు కాబట్టి ఆ మాట తీసిపారెయ్యలేను.

పొద్దున్నే రెండు అరుగులూ తడిగుడ్డతో తుడిచాను. సావిడిలో పొడిచీపురు పట్టకూడదు. బయటినుంచి వచ్చే ప్రతి బూటుకీ ఎర్రదుమ్ము అంటుకుని ఉంటుంది. అది లేచిందంటే తుమ్మని మనిషి ఉండడు. తరవాత ఉల్లిపాయల గుత్తులు పక్కకి జరిపి, బయట వేసుకునే తొడుగులు కొక్కేలకి తగిలించాను. ఉల్లిపాయలు ఉండాల్సింది గోడౌన్లో. కట్టడం మొదలుపెట్టేటప్పుడు నక్షా చూపించి మార్పులేమైనా కావాలా అని అడిగితే, మా పెద్దలు ఒక్కటే అడిగారట. ఊరంతా ఒకే కప్పు కింద ఉండబోతోంది, దానికి సావిడి ఇంత ఇరుగ్గా ఉంటే మొహం లేనట్టుంటుంది, నలుగురు కూర్చునేలా పెంచండి అని. ఆ మేరకు గోడౌన్ తగ్గింది. నక్షాలో సామాను దిమ్మలని రాసినవాటిని అరుగులన్నదీ వాళ్ళే.

సావిడికి రెండు తలుపులు. లోపలిది ఊళ్ళోకి. బయటిది గాలి లేని చోటికి. రెండూ ఒకేసారి తెరుచుకోవు.

ఈరోజు బయటికి వెళ్ళింది బుల్లబ్బాయి ఒక్కడే. మంచుగడ్డలు తెచ్చే బండి అతనిది. ఆ మంచు కరిగితేనే ఊళ్ళో ఎవరికైనా నీళ్ళు. తొడుగు వేసుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని లేచాడు. సాగనంపడానికి వచ్చిన వాళ్ళావిడ అమ్మాజీ గుమ్మంలో నిలబడి తుమ్మింది.

"అయ్యో, కూకోండి," అంది.

అతను కూర్చుని గ్లాసు మంచినీళ్ళు తాగాడు. ఎడమవైపు అరుగు మీద పాపాయమ్మ మామ్మ రొంటిలోంచి ముక్కుపొడుం డబ్బా తీసి, చిటికెడు ఎక్కించి, కప్పు అదిరేలా తుమ్మింది.

"రెండయినాయి. ఎల్లిరా అబ్బాయ్," అంది.

మా దగ్గర లెక్క ఇదే. ఒక తుమ్ముకి ఆగాలి. రెండు పడితే ఫరవాలేదు. ఎవరు తుమ్మారన్నది చూడం. పాపాయమ్మ మామ్మకి వేరే పనేమీ లేదు, ఊళ్ళోకెల్లా పెద్దది. పగలంతా ఆ అరుగు మీదే ఉంటుంది. చాలా శాస్త్రాలు ఇక్కడికి వచ్చాక పోయాయి. కుజుడి మీదే కాపురమున్నవాళ్ళకి కుజదోషమేమిటని పంతులుగారు జాతకాలు చూడడం మానేశారు. తుమ్ము మాత్రం మాతోపాటే వచ్చింది.

2. బుధవారం

ఓడ దిగింది. ఊరికి రావలసిన పెట్టెలు సావిడిలో దించారు. ముక్కుపొడుం రావలసిన చోట పళ్ళపొడి వచ్చింది. పెట్టె నిండా.

"ఇదేం చేసుకోనే," అంది పాపాయమ్మ మామ్మ. ఆమెకి రెండే పళ్ళున్నాయి.

"పళ్ళకే వాడుకో మామ్మా."

"రెంటికీ పెట్టెడా?"

డబ్బా తిప్పి చూసింది. అడుగున కాస్త ఉంది. వేలితో గీకితే రెండు మూడు రోజులు వస్తుందంది. మళ్ళీ ఓడ వచ్చేసరికి కోతలు అయిపోతాయి.

3. శుక్రవారం

ముక్కుపొడుం అయిపోయింది.

బుల్లబ్బాయి బయల్దేరేటప్పుడు తనే తుమ్ముకున్నాడు. కూర్చున్నాడు. పాపాయమ్మ మామ్మ ఖాళీ డబ్బా వాసన చూసింది. ఏమీ రాలేదు. పళ్ళపొడి పీల్చింది. ముక్కులోంచి నురగ వచ్చింది కాని తుమ్ము రాలేదు. మిరియాలు నూరించి తెప్పించింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి అంతే.

"దీపం కేసి సూడు మామ్మా, తుమ్మొచ్చుద్ది," అన్నాడు బుల్లబ్బాయి.

చాలాసేపు చూసింది. నిద్ర వచ్చింది.

భోజనాల వేళయింది. అమ్మాజీ కారేజీ సావిడికే తెచ్చింది. తిన్న వెంటనే బయల్దేరకూడదని అతను అరుగు మీద నడుం వాల్చాడు. మనిషి కూర్చున్నాడు కదా అని పలకరించడానికి నలుగురు వచ్చారు. వాళ్ళ కోసం ఇంకో నలుగురు. ఎవరో పేకముక్కలు తెచ్చారు. సాయంత్రం ఉల్లిపాయల కోసం వచ్చిన ఒకావిడ తుమ్మింది.

బుల్లబ్బాయి ముక్కలు కింద పెట్టి లేచాడు. అప్పటికి చీకటి పడుతోంది. చీకట్లో బండి తియ్యడు. మళ్ళీ కూర్చుని ముక్కలు తీసుకున్నాడు.

ఈరోజు మంచు రాలేదు. మనిషి సావిడిలో ఉన్నంతసేపూ ఫ్యాన్లు పూర్తి జోరు మీద తిరుగుతాయి. గాలి గడిలో యంత్రం ఎర్ర అంకె వేసుకుంది.

4. గురువారం

ఈ వారమంతా శుక్రవారం లాగే ఉంది. మధ్యలో ఒక్కరోజు ఎవరూ తుమ్మలేదు. ఆరోజు తెచ్చిన మంచే వాడుకుంటున్నాం. తలస్నానాలు ఆపించారు.

ఇక్కడి ఊళ్ళన్నిటినీ చూసే పెద్దకేంద్రం నుంచి కబురు వచ్చింది. మా సావిడి ఒక్కటీ మిగతా సావిళ్ళన్నీ కలిపి వాడినంత కరెంటు వాడుతోందట. చూడడానికి ఇంజనీరు వస్తున్నారు. లోపం సావిడిదే అని తేలితే దీన్ని మూసేసి వేరే ఏర్పాటు చేస్తారు. నన్ను నాచుతొట్లకి మారుస్తారు.

సముద్రాలు మధ్యాహ్నం వచ్చి, తొట్ల దగ్గర నాకు మంచి చోటే చూసిపెట్టానని చెప్పి వెళ్ళాడు. వాసనకి వారంలో అలవాటు పడతానన్నాడు.

పదకొండేళ్ళుగా ఈ రెండు తలుపుల మధ్యే ఉన్నాను. వచ్చినవాళ్ళ బూట్లు తుడుస్తాను, మంచినీళ్ళిస్తాను. వెళ్ళేవాళ్ళ తొడుగుకి మెడ దగ్గర బిగింపు చూస్తాను. తొట్లలో నాచు ఎక్కడికీ వెళ్ళదు, ఎక్కడినుంచీ రాదు.

5. సోమవారం

ఇంజనీరు గారు వచ్చారు. పేరు ప్రసూన. ముప్ఫై దాటి ఉండవు. వెంట పొడుగాటి పెట్టె ఒకటి తెచ్చారు.

బూట్లు తుడిచి మంచినీళ్ళిచ్చాను. ఆవిడ నీళ్ళు తాగకుండానే సావిడి కొలతలు తీయబోయారు.

"ముందు నీళ్ళు తాగమ్మా. పారిపోదు," అంది పాపాయమ్మ మామ్మ.

తాగారు. తరవాత చుట్టూ చూశారు. అరుగులు, ఉల్లిపాయలు, పేకముక్కలు, గడపకి రాసిన పసుపు రంగు.

"చూడండి తలుపులమ్మ గారూ. సావిడి అంటే దాటే చోటు. ఉండే చోటు కాదు. మనిషి ఇందులో పది నిమిషాల కంటే ఉండకూడదు."

"దాటే చోటయితే అరుగులెందుకేసేరమ్మా?" అంది మామ్మ.

"అవి అరుగులు కావండి. సామాను దిమ్మలు."

"అలాగా. నేను సామానేలే, నువ్వు కొలుసుకో."

పెట్టె విప్పించారు. లోపల తెల్లటి గొట్టం. మనిషి పొడుగు, మనిషి వెడల్పు. సావిడి బదులు గోడలో దీన్ని బిగిస్తారట. మనిషి అందులో వెల్లకిలా పడుకుంటే, ఇటు మూత మూసుకుని అటు మూత తెరుచుకుంటుంది. రెండు నిమిషాల పని. ఫ్యాన్ల అవసరం లేదు. కూర్చునే వీలు లేదు. సాగనంపేవాళ్ళకి చోటు లేదు.

చూపించడానికి ఒక మనిషి కావాలన్నారు. బుల్లబ్బాయి తొడుగుతో సహా పడుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు చాలామంది వచ్చి లోపలి గుమ్మంలో నిలబడ్డారు.

"ముందు ఏది బయటికెల్లుద్దమ్మా, తలా కాళ్ళా?" అని మామ్మ అడిగింది.

"కాళ్ళేనండి. బయట నేల మీద నిలబడాలి కదా."

వెనకాల ఒకాయన తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. బుల్లబ్బాయి గొట్టంలోంచి మా అందరి మొహాలూ ఒకదాని తరవాత ఒకటి చూశాడు. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని ఉన్నవాడు, చటుక్కున తీసి పక్కన పెట్టుకున్నాడు.

"నిప్పుకుండ ఎవరట్టుకోవాలమ్మా?" అంది మామ్మ.

ఇంజనీరు గారికి అప్పుడు అర్థమైంది. "అయ్యో, అది కాదండి," అన్నారు. "తిరిగి వచ్చేటప్పుడు తలే ముందు వస్తుంది."

బుల్లబ్బాయి లేచి కూర్చున్నాడు.

"మేడమ్ గారండి, కోపగించుకోకండి. ఎల్లేటప్పుడేమో కాళ్ళు ముందు, పాడె మీదెల్లినట్టు. వచ్చేటప్పుడేమో తల ముందు, పురిట్లో పడ్డట్టు. అంటే రోజూ పొద్దున్న సావు మైల, సాయంత్రం పురుటి మైల. రెండు తానాలండి. ఊరందరికీని. ఆ నీళ్ళెవరు తెత్తారండి?"

"నువ్వే," అన్నారు ఇంజనీరు గారు.

"అప్పుడు ఇంకో రెండు తానాలండి."

ఆవిడ కాగితం మీద ఏదో లెక్క వేసుకున్నారు. వేసుకుని కొట్టేశారు. చివరికి ఒక మాట ఇచ్చారు. రేపు బుల్లబ్బాయి పది నిమిషాల లోపు సావిడి దాటి మంచు తెస్తే గొట్టం వెనక్కి తీసుకుపోతారు. లేకపోతే గురువారం మనుషులు వచ్చి సావిడి మూసి గొట్టం బిగిస్తారు.

6. మంగళవారం

పొద్దున్నే ఊరంతా ముక్కులకి గుడ్డలు కట్టుకుంది. నేను అరుగులు రెండుసార్లు తుడిచాను. పాపాయమ్మ మామ్మని లోపలికి వెళ్ళమంటే వెళ్ళలేదు. ముక్కుకి బట్టలు ఆరేసుకునే క్లిప్పు పెట్టాం.

ఇంజనీరు గారు టైము కొలిచే పెట్టె అరుగు మీద పెట్టారు. అది నిమిషాలతోపాటు సావిడిలో వినిపించేదంతా పట్టుకుంటుందట.

బుల్లబ్బాయి వచ్చాడు. ఎవరూ పలకరించలేదు. మాట్లాడితే ఆలస్యమవుతుందని అందరికీ ముందే చెప్పాను. అమ్మాజీ కారేజీ చేతికిచ్చి, ఒక్క మాట కూడా అనకుండా, ముక్కుకి గుడ్డతో, లోపలికి వెళ్ళిపోయింది. మామూలుగా అయితే ఇంట్లో ఏమేం నిండుకున్నాయో గుమ్మంలోనే గుర్తొస్తాయి ఆవిడకి. నేను మెడ దగ్గర బిగింపు చూశాను. లోపలి తలుపు వేశాను. బయటి తలుపు తెరుచుకుంది. ఆరు నిమిషాలు.

ఇంజనీరు గారు నవ్వారు. లోపల ఎవరో చప్పట్లు కొట్టబోతే, దుమ్ము లేస్తుందని ఆపాం.

భోజనాల వేళ దాటాక బయటి తలుపు మోగింది. బుల్లబ్బాయి. మంచు లేదు. హెల్మెట్ తీసేసరికి మొహం పాలిపోయి ఉంది.

"ఎవరికేమైందక్కా?"

"ఎవరికీ ఏం కాలేదు. మంచేది?"

"దాయకు. సెప్పెయ్. అమ్మాజీ నా మొహం కేసి సూళ్ళేదు. ఒక్కళ్ళు మాటాళ్ళేదు. అందరూ మూతులకి గుడ్డలు కట్టుకుని అలా నిలబడి సాగనంపేరు. సగం దారి దాకా ఎల్లేను. సెయ్యి ఆడ్లేదు. నాకేవన్నా రోగమా? డాక్టరుగారు నీకు సెప్పేరా?"

మామ్మ క్లిప్పు తీసి, "నీకు రోగమేంట్రా, గుండ్రాయిలాగుంటేను," అంది. అతనికి నమ్మకం కుదరలేదు. అమ్మాజీని పిలిపించాం. ఆవిడ వచ్చి, ఎందుకు తిరిగొచ్చావని నానా తిట్లూ తిట్టింది. అప్పుడు స్థిమితపడ్డాడు.

మంచు తేలేదు కాబట్టి పందెం పోయింది. ఇంజనీరు గారు అదే మాట చెప్పారు. కాస్త మెల్లగా చెప్పారు. గొట్టం ఇక్కడే ఉంచి తను పెద్దకేంద్రానికి వెళ్ళి మనుషుల్ని పంపిస్తానన్నారు. పొద్దుగుంకేలోగా చేరాలి, ఇప్పుడే బయల్దేరాలి అన్నారు.

తొడుగు వేసుకున్నారు. బిగింపు చూశాను. ఆవిడ నా వైపు చూడకుండా, "నాచుతొట్ల దగ్గర కూడా జీతం ఇంతే ఉంటుందండి," అన్నారు. సరేనన్నాను. హెల్మెట్ ఎత్తి తలకి పెట్టుకోబోయారు.

పాపాయమ్మ మామ్మ తుమ్మింది.

పొడుం లేదు, మిరియాలు లేవు. క్లిప్పు తీసేసిన ముక్కులోంచి దానంతటదే వచ్చింది. ఒక్కటే.

ఇంజనీరు గారి చేతులు హెల్మెట్‌తో సహా అలాగే ఆగిపోయాయి. కాసేపటికి దించారు.

"బూటు లేసు వదులైనట్టుంది," అని అరుగు మీద కూర్చున్నారు.

మా బూట్లకి లేసులుండవు. మూడు కొక్కేలుంటాయి. ఆవిడ ఆ కొక్కేలు ఒకటొకటే తీసి పెట్టుకున్నారు. అయిపోయాక రెండో బూటు మొదలుపెట్టారు. నేను గ్లాసుతో మంచినీళ్ళిచ్చాను. ఈసారి ఎవరూ చెప్పకుండానే తాగారు.

"ఏ ఊరమ్మా మీ వాళ్ళది?" అంది మామ్మ.

చెప్పారు. కింద, గోదావరి దాటాక ఏదో ఊరు.

"ఇక్కడికొచ్చేటప్పుడు ఎవరన్నా తుమ్మేరా?"

"మా అమ్మ తుమ్మింది." కొక్కెం మళ్ళీ తీశారు. "ఓడ ఆగదు కదండి. ఎక్కేశాను."

"తరవాత?"

"ఎర్రమెట్టకి వేశారు."

"ఇంకేం. అనుకున్నంతా అయింది," అంది మామ్మ.

బయట వెలుతురు పలచబడుతోంది. బుల్లబ్బాయి ముక్కులో ఉల్లిపొర పెట్టి తిప్పుకుంటున్నాడు. అమ్మాజీ దీపం కేసి చూస్తోంది. రెండో తుమ్ము రాలేదు. ఇంకాసేపాగితే ఆవిడ ఈ రాత్రికి వెళ్ళలేరు. వెళ్ళకపోతే రేపు మళ్ళీ ఇదే.

నేను మూలనున్న పొడిచీపురు తీశాను.

"ఏమే, మనిషి గడప దాటకుండా ఊడుత్తావా? బుద్ధుందా?" అంది మామ్మ.

"రెండిట్లో ఏది పెద్ద తప్పు మామ్మా, ఊడవడమా, ఒక్క తుమ్ముతో పంపడమా?"

ఆలోచించింది. "ఊడువు," అంది.

అరుగుల కింద పదకొండేళ్ళుగా తడిగుడ్డ అందని చోటొకటి ఉంది. అక్కడినుంచి మొదలుపెట్టాను. ముందు బుల్లబ్బాయి తుమ్మాడు. తరవాత అమ్మాజీ. తరవాత ఎవరు ఎప్పుడు తుమ్మారో చెప్పడం కష్టం. మామ్మ ఒక్కర్తే మూడో నాలుగో తుమ్మింది. ఇంజనీరు గారు తుమ్మి, "క్షమించండి," అని, మళ్ళీ తుమ్మారు. ఉల్లిపాయల గుత్తులు ఊగాయి.

దుమ్ము దిగాక పేచీ వచ్చింది.

"మొత్తం తొమ్మిది," అంది అమ్మాజీ.

"పది," అన్నాడు బుల్లబ్బాయి. "నేను మింగేసిందోటుంది."

"మింగింది లెక్కలోకి రాదు," అంది మామ్మ.

"నీ మొదటిది కలిపేవా మామ్మా?"

"నా మొదటిది కలపకపోతే ఈ గోలంతా దేనికిరా?"

ఎవరికివాళ్ళు వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెడుతున్నారు. ఇంజనీరు గారు అరుగు మీది పెట్టె ఒళ్ళోకి తీసుకుని వెనక్కి తిప్పారు. సావిడి నిండా మళ్ళీ తుమ్ములు వినబడ్డాయి. అందరం తలలు వంచి విన్నాం. ఆవిడ పెన్సిలుతో ఒక్కో తుమ్ముకీ ఒక్కో గీత గీశారు. చివర్లో, "క్షమించండి," అన్న తన గొంతు, దాని వెనకాల చిన్న తుమ్ము.

గీతలు లెక్కపెట్టారు. ఇంకోసారి లెక్కపెట్టారు.

"పద్నాలుగు," అన్నారు. "సరి సంఖ్యే."

"ఎల్లిరా తల్లీ," అంది మామ్మ.

హెల్మెట్ పెట్టుకున్నారు. నేను బిగింపు మళ్ళీ చూశాను. బయటి తలుపు మూసుకున్నాక పెట్టె అరుగు మీదే మరిచిపోయారని చూశాం. ఆపకుండా వదిలేశారు. సావిడిలో ఆవిడ గడిపిన టైము దాని మీద అంకెల్లో ఉంది. బుల్లబ్బాయి ఆరు నిమిషాల కింద, దానికి ఇరవై రెట్లు.

దాన్ని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి, తరవాతి బండికి పెద్దకేంద్రం పంపించాను. ఏమీ రాయలేదు.

7. సోమవారం

గురువారం ఎవరూ రాలేదు. ఈరోజు ఉత్తర్వు వచ్చింది. ఎర్రమెట్ట సావిడిలో బయటికి వెళ్ళేవారు కూర్చునే సమయాన్ని ఇకమీదట భద్రతా విరామంగా లెక్కిస్తారట. ఆ విరామంలో ఫ్యాన్లు సగం జోరు మీద తిరిగేలా మార్చారు. విరామం తగ్గించడానికి అవసరమైన విడిభాగం పంపుతున్నామని, అందినట్టు, బిగించినట్టు రాసి పంపమని ఉంది. కింద ప్రసూన గారి సంతకం.

గొట్టం సంగతి ఉత్తర్వులో లేదు. సావిడిలో అడ్డమని దాన్ని తొట్ల దగ్గర పెట్టించాం, అప్పుడే సొరపాదు దాని మీదికి ఎక్కింది కాబట్టి నేనూ అడగలేదు. సముద్రాలు మూతలు రెండూ తీసి ఒకటి నాకు పీటగా ఇచ్చాడు.

విడిభాగం చిన్న పొట్లంలో వచ్చింది. విప్పితే ముక్కుపొడుం డబ్బా. పాపాయమ్మ మామ్మ మూత తీసి వాసన చూసి, ఘాటు తక్కువంది.

అంతలో బుల్లబ్బాయి బయల్దేరాడు. అమ్మాజీ గుమ్మంలో నిలబడి ఇంట్లో నిండుకున్నవన్నీ ఏకరువు పెట్టింది, పెట్టి తుమ్మింది. అతను కూర్చున్నాడు. మామ్మ చిటికెడు తీసుకుంది.

అతను వెళ్ళాక రసీదు నింపాను.

విడిభాగం బిగించిన చోటు: పాపాయమ్మ గారి ముక్కు, కుడివైపు.

పనితీరు: తృప్తికరం.